సుద్దబిళ్ల ఎప్పుడు తగిలింది

మా బావ మాటల మనిషి కాదు. కత్తెర గుడ్డలో ఉన్నంతసేపు ఆయన నోట్లోంచి "ఊ" తప్ప ఇంకోటి రాదు. ఆ ఊ కూడా ఫోనులో మా అక్కకు మాత్రమే. నాకు అదీ లేదు. నాకు ఆయన ఇచ్చే జవాబు సుద్దబిళ్ల.

దర్జీ పని తెలియనివాళ్లకు కొంచెం చెప్పాలి. గుడ్డ మీద కొలతలు గీసుకోవడానికి మా దగ్గర అరిగిపోయిన సబ్బుముక్కల్లాంటి సుద్దబిళ్లలు ఉంటాయి. ముదురు రంగు గుడ్డకు తెల్లది, తెల్లగుడ్డకు నీలంది. గీసి గీసి అవి వేలిగోరంత అయ్యాక ఇక పట్టు చిక్కదు. పట్టు చిక్కనివాటిని ఎవరైనా పారేస్తారు. మా బావ పారేయడు. కటింగ్ టేబుల్ మూల ఒక డబ్బా మూతలో పోగు చేస్తాడు. అవన్నీ నా కోసమే. నేను స్టూలు మీద కూర్చుని కాజాలు కుడుతూ ఒక జోకు వేస్తాను. ఆయన తల ఎత్తడు. కత్తెర ఎడమ చేతికి మారుతుంది, కుడి చెయ్యి మూతలోకి పోతుంది, ఒక ముక్క గాల్లో వచ్చి నాకు తగులుతుంది. జోకు బాగుంటే భుజానికి, బాగాలేకపోతే నుదుటికి. గురి తప్పడం నేనెరగను.

బామ్మర్దిని బావ కొట్టకపోతే ఎవరు కొడతారు? ఏడో తరగతిలో లెక్కల సారుకూ నాకూ పడలేదు. ఇద్దరిలో ఒకరు బడి వదలాల్సి వచ్చింది. ఆయనకు పెళ్లాం పిల్లలు ఉన్నారు కదా అని నేనే వదిలాను. అక్క నన్ను చెవి పట్టుకుని తెచ్చి బావ దుకాణంలో కూర్చోబెట్టింది. అప్పట్నుంచి కాజాలు, గుండీలు, అంచు మడిచి కుట్టే తుర్పాయి, ఇస్త్రీ, కస్టమర్లతో మాట్లాడటం నా పని. కొలవడం, గీయడం, కొయ్యడం బావ పని. కత్తెర నా చేతికి ఇచ్చేవాడు కాదు. "నోరు ఆగనోని చేతికి కత్తెర ఇయ్యొద్దు" అని ఒక్కసారే అన్నాడు, అదీ దుకాణం మూసేశాక.

దుకాణం చిక్కడపల్లి నుంచి అశోక్‌నగర్ పోయే ఒక గల్లీలో ఉండేది. అవి ఉద్యమం రోజులు. వారానికొక బంద్, షట్టర్ సగం దించి సగం ఎత్తి పని చేసుకునేవాళ్లం. అశోక్‌నగర్ హాస్టళ్లలో ఉండి గవర్నమెంటు పరీక్షలకు చదివే పిల్లలు మాకు పెద్ద బేరం. తెలంగాణ వస్తే ఉద్యోగం వస్తుందని నమ్మకం, ఉద్యోగం వచ్చేలోపు ఇంటర్వ్యూ పాంటు కుట్టించి పెట్టుకుందామని ముందుచూపు. పాంటు కుట్టేసరికి నోటిఫికేషన్ ఆగిపోయేది, నోటిఫికేషన్ వచ్చేసరికి పాంటు బిగువైపోయేది. ఆ రకంగా ప్రభుత్వం మాకు చాలా సాయం చేసింది.

నేను చెప్పబోయే రోజు అలాంటి ఒక పిల్లాడితోనే మొదలైంది. ఎమ్మార్వో అవుతానని మూడో ఏడు చదువుతున్నాడు. లైబ్రరీలో కూర్చుని కూర్చుని నడుము పెంచాడు. పదకొండు గంటల కోచింగ్ బ్యాచ్‌కు పోతూ పోతూ ట్రయల్ చూసుకుందామని దుకాణంలోకి వచ్చాడు. ముదురు నీలం పాంటు, గుండీ పడలేదు. నేను అన్నాను, "తమ్మీ, నువ్వు ఎమ్మార్వో అయ్యేసరికి నీ నడుముకు టేపు సరిపోదు. భూములు కొలిచే గొలుసు తేవాలె, అదేదో నీ ఆఫీసుల్నే ఉంటది గద." పిల్లాడు నవ్వాడు. తెల్ల సుద్దముక్క వచ్చి నా ఎడమ భుజానికి తగిలింది. మంచి జోకన్నమాట. పిల్లాడు టైం చూసుకుని క్లాసుకు పరుగెత్తాడు.

ఇంతవరకు నాకు ఏ అనుమానమూ లేదు. ఇక్కడి నుంచి అంతా కలగాపులగం.

గల్లీ మొదట్లో ఎవరో నాయకుడి ఫ్లెక్సీ కడుతున్నారు. కర్రలు నిలబడవు, తాడు తెగుతుంది, నాయకుడు వంగిపోతాడు, మళ్లీ లేపుతారు. పొద్దుటి నుంచి అదే పని. ఆ నాయకుడి తెల్ల లాల్చీ చూసి నేను, "కుట్టుకు మాది గ్యారంటీ, లోపలి మనిషికి గ్యారంటీ లేదు" అన్నాను. ఆ మాట అన్నది పక్కా. దానికి సుద్ద తగిలిందో లేదో, తగిలితే ఎప్పుడు తగిలిందో, అదే తెలియదు. ఎందుకంటే మధ్యలో నేను లైనింగ్ గుడ్డ తేవడానికి నారాయణగూడ వెళ్లాను. వెళ్లేటప్పుడు ఫ్లెక్సీ కింద నుంచే వెళ్లాను, వచ్చేటప్పుడు ఫ్లెక్సీ కింద నుంచే వచ్చాను. రెండుసార్లూ నాయకుడు వంగే ఉన్నాడు. జోకు పోయేముందు వేశానా, వచ్చాక వేశానా? రోజుకు నేను వేసే జోకులకు నేను లెక్క రాస్తానా?

తిరిగొచ్చాక హోటల్ నుంచి టీ తెచ్చి బావ ముందు పెట్టాను. ఆయన స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. కత్తెర టేబుల్ మీద ఉంది, తెల్లగుడ్డ సగం కోసి ఉంది. నేనొక జోకు వేశాను. ఏమీ రాలేదు. ఇంకోటి వేశాను. ఏమీ రాలేదు. ముందురోజు సాయంత్రం నేను, ఇక రెడీమేడ్ షర్టులు తెచ్చి అమ్ముకుందాం, ఈ కుట్టుడు ఎన్నాళ్లు అని అన్నాను. దానికి అలిగాడేమో అనుకున్నాను. మా బావ అలిగినా మాట్లాడడు, అలగకపోయినా మాట్లాడడు, తేడా తెలియాలంటే సుద్దబిళ్లే దిక్కు.

అప్పుడు ఆయన టీ తాగాడు. నోటి కుడి మూల నుంచి టీ కారి తెల్లగుడ్డ మీద పడింది. కస్టమర్ గుడ్డ మీద చెమట చుక్క పడితే పూట అన్నం తినని మనిషి, ఆ మరకను అలా చూస్తూ కూర్చున్నాడు. కోపం లేదు, కంగారు లేదు. ఎవరి గుడ్డో, ఎవరి టీయో అన్నట్టు. 

"బావా" అన్నాను. లేవబోయి, కుడివైపుకు ఒరిగి, టేబుల్‌కు ఆనుకుని కిందికి జారాడు.

నా కేకకు ఎదురుగా పాన్ డబ్బా నడిపే అన్న పరుగెత్తుకొచ్చాడు. మా గల్లీలో వైద్యం, రాజకీయం, పెళ్లి సంబంధాలు అన్నీ ఆయనకే తెలుసు. చూడగానే తేల్చేశాడు.

"ఫిట్సు రా బై. చేతిల ఇనుము పెట్టు. తాళాలుంటె పెట్టు జల్ది."

నేను దుకాణం తాళాలు బావ కుడి చేతిలో పెట్టాను. జారిపోయాయి. తాళాలు చిన్నవి, ఇనుము చాలలేదన్నాడు పాన్ డబ్బా అన్న. ఆయన బండి తాళం పెట్టాడు. జారిపోయింది. అప్పటికే పదిమంది పోగయ్యారు. తలా ఒక తాళం తీశారు. ఇంటి తాళం, బీరువా తాళం, సైకిల్ తాళం. నేను ఒక్కొక్కటే బావ కుడి అరచేతిలో పెట్టి వేళ్లు మూస్తున్నాను, వేళ్లు వాటంతటవే తెరుచుకుంటున్నాయి. ఎవరో ఎడమ చేతిలో పెట్టి చూడమన్నారు. ఎడమ చెయ్యి గట్టిగా పట్టుకుంది, వదల్లేదు. ఒక చెయ్యి పడుతుంది, ఒక చెయ్యి వదులుతుంది, ఇదెక్కడి ఫిట్సు అని నాకు అర్థం కాలేదు. వణుకు లేదు, నురగ లేదు. బావ కళ్లు నా వైపే ఉన్నాయి. ఏదో అనబోయాడు. "ఊ" లాంటిది వచ్చింది, కానీ అది ఊ కాదు.

ఆటో వచ్చింది. ఆటో అన్న మంచివాడు. దిగి చూసి, అయ్యో అని, తన తాళం కూడా బావ చేతిలో పెట్టాడు. నలుగురం ఎత్తి బావను వెనక సీట్లో కూర్చోబెట్టాం. ఆటో అన్న ముందు కూర్చుని జేబులు తడుముకున్నాడు. చొక్కా జేబు, పాంటు జేబు, సీటు కింద.

"నా తాళమేదన్నా?" అన్నాడు.

గల్లీ అంతా మా దుకాణంలో పడింది. టేబుల్ కింద కత్తిరింపు ముక్కల కుప్ప ఉంటుంది, దిళ్లలో కూరడానికి దాచిపెడతాం. తాళాలన్నీ అందులో పడ్డాయి. ఒక్కొక్కరూ ముక్కలు ఎగరేస్తూ వెతుకుతున్నారు. ఎవరికి ఏ తాళం దొరికినా అది వాళ్లది కాదు. నేను బావను పట్టుకుని ఆటోలో కూర్చుని ఇదంతా చూస్తున్నాను. ఇంకే రోజైనా అయితే ఆ దృశ్యం మీద నెలరోజులు జోకులు వేసి ఉండేవాణ్ని. ఆటో తాళం చివరికి బావ ఎడమ పిడికిలిలోనే దొరికింది. వేళ్లు విప్పడానికి ఇద్దరు పట్టాల్సి వచ్చింది.

ముందు నారాయణగూడలో మా ఇంటిల్లిపాదికీ మందులిచ్చే డాక్టరు గారి దగ్గరికి పోయాం. ఆయన బయటికొచ్చి ఆటోలోనే బావ చేతులు రెండూ ఎత్తించి చూశాడు. ఎడమది నిలబడింది, కుడిది పడిపోయింది. పళ్లు చూపించమంటే నోరు ఎడమ పక్కకే పోయింది. బీపీ కూడా చూసి, ఇది ఫిట్సు కాదు, మెదడుకు పోయే రక్తం ఆగింది, ఇక్కడ ఒక్క నిమిషం ఉండొద్దు, స్కానింగ్ ఉన్న పెద్దాసుపత్రికి పొండి, నేను ఫోను చేసి చెబుతాను అన్నాడు. ఫీజు ఇవ్వబోతే చెయ్యి అడ్డం పెట్టాడు. నాకు అప్పుడే అసలు భయం పట్టుకుంది. ఫీజు వద్దన్న డాక్టరును నేను అంతవరకు చూడలేదు.

ఆటోలోంచే అక్కకు ఫోను చేశాను. అక్క ఇల్లు రాంనగర్‌లో. మధ్యాహ్నం బావకు అన్నం తేవడానికి బయల్దేరుతోందట. ఆ క్యారియర్‌తోనే నేరుగా ఆసుపత్రికి వచ్చింది.

ఆసుపత్రి అంటే నాకు తెలిసింది ఇది: చీటీ రాయించుకోవాలి, లైన్లో నిలబడాలి, ఎవరో ఆగమంటారు, ఆగాలి, ఇంకెవరో ఎందుకు ఆగావు అని తిడతారు. అక్కడ అవేవీ జరగలేదు. గేటు దగ్గరే ఇద్దరు మంచంబండితో నిలబడి ఉన్నారు. పేరు అడగలేదు, కౌంటర్ వైపు పంపలేదు. బావను బండి మీద వేసుకుని పరుగెత్తారు. నడుస్తూనే చేతికి సూది గుచ్చి రక్తం తీశారు. మధ్యలో బెడ్డు మీదికి కూడా దించలేదు, అదే బండి తిన్నగా స్కానింగ్ గదిలోకి పోయింది. నేను వెనక పరుగెత్తుతూ, ఇంత తొందరేంది, మా బావను ఏం చేస్తున్నరు అని ఒక నర్సమ్మను అడిగాను. ఆమె, "తొందర పడకపోతే ఆగమైతడు అన్నా" అని నా ముందే తలుపు వేసేసింది. జీవితంలో ఆసుపత్రివాళ్లు ఆలస్యం చేస్తే తిట్టుకున్నాను, త్వరగా చేస్తే ఏం చేయాలో నాకు ఎవరూ నేర్పలేదు. కిడ్నీలు తీసేవాళ్ల సంగతులు గుర్తొచ్చాయి. అక్కకు చెప్పలేదు.

అక్క క్యారియర్ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. 

కొంచెంసేపటికి ఒక డాక్టరమ్మ వచ్చింది. వయసు మా ఎమ్మార్వో పిల్లాడికంటే రెండు మూడేళ్లు ఎక్కువ ఉంటుందేమో. నిలబడే మాట్లాడింది. స్కాన్‌లో రక్తస్రావం లేదు, రక్తనాళంలో గడ్డ అడ్డం పడింది, గడ్డను కరిగించే ఇంజెక్షన్ ఉంది. కాని అది జబ్బు మొదలైన నాలుగున్నర గంటల్లోపే ఇవ్వాలి. ఆలస్యమైతే మేలు తగ్గి, మెదడులో రక్తస్రావం అయ్యే ప్రమాదం పెరుగుతుంది. టైంకు ఇచ్చినా కొందరికి ఆ ప్రమాదం ఉంటుంది. ఇవ్వకపోతే ఆ చెయ్యి, ఆ మాట ఎంతవరకు వస్తాయో చెప్పలేం. ఇంత చెప్పి అడిగింది:

"ఈయన మామూలుగా ఉండగా ఆఖరున ఎవరు చూశారు? ఎన్నింటికి?"

ఎన్నింటికి పడిపోయాడు అని అడిగితే చెప్పేవాణ్ని. బాగున్నది ఎప్పటిదాకా అని అడిగితే ఎవరైనా ఏం చెప్తారు? బాగున్న మనిషిని ఎవరు చూస్తారు? బాగున్నంతసేపు ఎవరూ చూడరు.

అక్క చెప్పింది, పన్నెండు దాటాక ఫోను చేశాను, మాట్లాడాడు అని. డాక్టరమ్మ ఏం మాట్లాడారు అని అడిగింది. ఊ అన్నాడంది అక్క. డాక్టరమ్మ నా వైపు చూసింది. ఆయన ఎప్పుడూ అంతే మేడం అన్నాను. ఆ ఊ ఏ ఊయో, మాట పోయిన ఊయో, మా బావ మామూలు ఊయో, ఎవరు చెప్పగలరు?

అప్పుడు నేను సుద్దబిళ్లల సంగతి చెప్పాను. చెప్పేటప్పుడు నాకే సిగ్గేసింది. ఒక మనిషి చెయ్యి పోతోంది, నేను జోకుల గురించి మాట్లాడుతున్నాను. కాని డాక్టరమ్మ నవ్వలేదు. కుడి చేతితోనే విసురుతారా అని అడిగింది. కుడి చేతితోనే. గురి తప్పదా? తప్పదు. ఏ జోకుకు తగిలింది? నేను భూములు కొలిచే గొలుసు జోకు మొత్తం చెప్పాల్సి వచ్చింది. నా జోకును అంత శ్రద్ధగా విన్నవాళ్లు ఇంకెవరూ లేరు. ఆ తర్వాత ఫ్లెక్సీ జోకు కూడా చెప్పాను. అక్కడే దారి తప్పాను. అది తగిలిందని ఒకసారి, తగల్లేదని ఒకసారి అన్నాను. నా చొక్కా విప్పి వెలుతురులో చూశాను. ఎడమ భుజం మీద తెల్లమచ్చ ఉంది. ఫ్లెక్సీ జోకప్పటికి మూతలో మిగిలినవన్నీ నీలం ముక్కలే. నా చొక్కా నీలం గళ్లది. ఏం కనబడుతుంది?

రెండో జోకుకు సుద్ద తగిలి, అది నేను తిరిగొచ్చాక అయితే బోలెడు టైం ఉంది. తగలకపోతే పదకొండుకు ముందటి నుంచే లెక్క పెట్టాలి. నా నోరు ఏది అంటే అది అవుతుంది. నా మాట మీద ఏదైనా ఆధారపడటం నాకు అలవాటు లేదు.

ఈలోగా అక్క, బావ వాళ్ల అన్నకు ఫోను చేయమంది. ఆయన కవాడిగూడలో ఉంటాడు, ఇంటికి పెద్ద. ఆ ఇంట్లో ఫ్యాను కొనాలన్నా ఆయన వచ్చి రెక్కలు తిప్పి చూడాలి. ఆ రోజు కళ్లజోడు కోసం కోఠి పోయాడు. మూడుసార్లు మోగాక ఎత్తాడు. నేను స్పీకర్ పెట్టాను.

"సూది గీది ఏమొద్దు" అన్నాడు. "నేనొచ్చేదాక ఆగుండ్రి. పక్షవాతానికి పావురం రక్తం రాయాలె. నాకు ఎరుకైన మనిషున్నడు, బస్సెక్కుతున్న." పెట్టేశాడు.

డాక్టరమ్మ గోడ గడియారం చూసింది.  ఇంజెక్షన్ సిద్ధం చేయమని లోపలికి చెప్పింది, మేం ఒప్పుకోకపోతే పక్కన పెట్టేస్తారట. కోఠి నుంచి బస్సు ఎప్పటికి వస్తుందో ఆ బస్సుకే తెలియదు. పెద్దమనిషి రాకుండా సరే అంటే, రేపు బావకు ఏమైనా అయితే, జన్మంతా ఆ మాట అక్క మీద ఉంటుంది. ఆగితే ఆ చెయ్యి పోతుంది. కత్తెర పట్టే చెయ్యి. ఇటు చూస్తే ఇటు తప్పు, అటు చూస్తే అటు తప్పు. నేను అక్క మొహం చూస్తున్నాను, అక్క క్యారియర్ చూస్తోంది.

అప్పుడు అక్క తల ఎత్తి నా చెయ్యి పట్టుకుంది.

"నవ్వులాటకు కాదు, నా మీద ఒట్టేసి చెప్పు. సుద్దబిళ్ల ఎప్పుడు తగిలింది?"

"ఆ పోరడు క్లాసుకు పోకముందు తగిలింది అక్కా. గదైతే పక్కా."

"రెండోది?"

"రెండోది సమజైతలేదు. ఎంత యాది చేసినా వస్తలేదు."

"రెండోది వద్దు" అంది డాక్టరమ్మ. "పక్కాగా తెలిసిందే నాకు కావాలి. పదకొండుకు ముందు అంటే ఇంకా టైం ఉంది. ఎక్కువ లేదు."

నాకు అప్పటికీ సరిగ్గా అర్థం కాలేదు. నేను తెలియదు అన్నందుకు ఈమె ఎందుకు తల ఊపుతోంది? తెలియనిది తెలియదని చెప్తే బడిలో గోడకుర్చీ వేయించేవాళ్లు.

అక్క లేచింది. "కొలతలు తీసినంక కత్తెర ఆపొద్దని ఆయననే అంటడు" అంది. "యాడ పెట్టాలె సంతకం?"

క్యారియర్ నా చేతిలో పెట్టి లోపలికి వెళ్లింది.

పెద్దాయన వచ్చేసరికి ఇంజెక్షన్ ఎక్కుతోంది. కొత్త కళ్లజోడు పెట్టుకుని, చెమటలు కారుతూ వచ్చాడు. ఎవరు ఒప్పుకున్నారని అడిగాడు. అక్క, నేనే అంది. ఇంకేదో అంటాడని నేను మధ్యలో నిలబడ్డాను. అక్క నా చేతిలోంచి క్యారియర్ తీసుకుని, మూత తీసి, పొద్దున్నుంచి ఏం తిన్నరో ఏమో అని ఆయన ముందు పెట్టింది. ఆయన కాసేపు చూసి, కూర్చుని, కలుపుకున్నాడు. రెండు ముద్దలు తిన్నాక, "ఉప్పు ఎక్కువైంది గదమ్మా" అన్నాడు.

"మీ తమ్మునికి గట్లనే ఉండాలె" అంది అక్క. "తక్కువేస్తె ముట్టడు."

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. నారాయణగూడ డాక్టరు గారు బావకు బీపీ ఉంది, ఉప్పు తగ్గించమని ఎన్నిసార్లు చెప్పాడో మాకందరికీ తెలుసు. పెద్దాయన ఆ తర్వాత తినలేదు. మూత పెట్టేశాడు. పావురం మాట కూడా ఎత్తలేదు.

సాయంత్రం డాక్టరమ్మ మమ్మల్ని లోపలికి పిలిచి, బావను కుడి చెయ్యి ఎత్తమంది. అది మంచం మీద నుంచి జానెడు లేచి, వణికి, పడిపోయింది. ఆమె మొహం వెలిగింది. చాలా మంచిది అంది. పడిపోయిన చెయ్యిని చూసి మంచిదంటుందేమిటి అని నేను అక్కను చూశాను, అక్క నన్ను చూసింది. మధ్యాహ్నం తాళం కూడా పట్టలేదన్న చెయ్యి అది, ఇప్పుడు దానంతట అది లేచింది అని నర్సమ్మ విప్పి చెప్పేదాకా మాకు తట్టలేదు. తలలో రక్తస్రావం కూడా కాలేదని మర్నాడు మళ్లీ స్కాన్ తీసి చెప్పారు. కానీ మాట రాలేదు. అంటే వచ్చిందా రాలేదా తెలియలేదు. మూడు రోజులు ఊ అనే అన్నాడు. డాక్టర్లు మాట ఇంకా రాలేదని రాసుకున్నారు. అక్క, వచ్చేసింది, ఇదే మా ఆయన మాట అని వాదించింది. ఆ వాదనలో ఎవరు గెలిచారో నాకు ఇప్పటికీ తెలియదు.

దుకాణం తెరిచేసరికి బతుకమ్మ పండగ వచ్చింది. బ్లౌజులు కుప్పపడ్డాయి. బావ టేబుల్ దగ్గర నిలబడగలడు, టేపు పట్టగలడు, సుద్దతో గీయగలడు. గీత మాత్రం మధ్యలో అలలా వంకర పోతుంది. కత్తెర నొక్కడానికి బొటనవేలికి బలం చాలదు. ఒకరోజు కత్తెర నా వైపు తోశాడు. నేను నోరు మూసుకుని తీసుకున్నాను. ఆయన గీస్తాడు, నేను కోస్తాను. ఆ వంకర గీత మీదే కొయ్యాలా, అది ఎక్కడికి పోవాలనుకుందో అక్కడ కొయ్యాలా అని ప్రతి గుడ్డకూ నాకు అదే తికమక. అడిగితే ఊ అంటాడు.

ఎమ్మార్వో పిల్లాడు పాంటు కోసం వచ్చాడు. వాడి వల్లే టైం తెలిసిందని చెబితే నమ్మలేదు, నేను ఎప్పట్లాగే ఆటపట్టిస్తున్నానని నవ్వుకుంటూ పోయాడు. ఆ రోజు సంగతి ఏది చెప్పినా జనం నవ్వుతారు. తాళాల సంగతి గల్లీ అంతా కథలా చెప్పుకుంది. పాన్ డబ్బా అన్న మాత్రం, "తాళాలు పెట్టకపోతె ఏ చెయ్యి పోయిందో నీకెట్ల తెలిసెటిది?" అంటాడు.  పెట్టినందుకు ఆలస్యమైంది. పెట్టినందుకే తెలిసింది. రెండూ నిజమే.

బావను ఒకరోజు అడిగాను, ఫ్లెక్సీ జోకుకు నన్ను సుద్దతో కొట్టావా లేదా అని. ఆయనకు ఆ రోజు టీ తాగింది కూడా గుర్తు లేదు. జోకు మళ్లీ చెప్పమన్నట్టు చూశాడు. చెప్పాను. చాలాసేపు ఆలోచించి, ఒక్కో మాటా ఏరుకుని అన్నాడు:

"గది... జోకా?"

అంటే కొట్టలేదనా, కొడితే నుదుటికి కొట్టేవాణ్ననా, నాకు తెలియలేదు.

చలికాలం మొదట్లో ఒక మధ్యాహ్నం నేను స్టూలు మీద కూర్చుని కాజాలు కుడుతున్నాను. బావ కత్తెరతో ఒక జాకెట్టు చేతిని మెల్లగా కోస్తున్నాడు. బొటనవేలికి బలం రావాలని రోజుకొక ముక్క కోయమన్నారు. ఆ రోజు ఆ ఫ్లెక్సీ గాలికి చిరిగి సగం వేలాడుతోంది. నేను, "లాల్చీ బానే ఉంది బావా, మనిషే చిరిగిండు" అన్నాను. కత్తెర ఎడమ చేతికి మారింది. కుడి చెయ్యి డబ్బా మూతలోకి పోయింది, అక్కడ కొంచెంసేపు వెతుక్కుంది. సుద్దముక్క లేచింది. నా దాకా రాలేదు. నా పక్కన గుండీల డబ్బా మీద టంగుమని పడింది.

గురి తప్పిందో, ఈ జోకుకు అంతే అర్హత అనుకున్నాడో. ఇంకో ముక్క వేస్తే తగిలేటట్టు నేను స్టూలును గుండీల డబ్బా వైపు జానెడు జరుపుకున్నాను.

"ఆడ... ఎల్తురుండదు" అన్నాడు బావ, తల ఎత్తకుండా. "కాజాలు... పాడైతయి. ముందటి జాగల్నే కూసో."

కత్తెర గుడ్డలో ఉండగా ఆయన అంత పొడుగు మాట మాట్లాడటం నేను అంతకుముందు ఎప్పుడూ వినలేదు. అది బాగైనట్టో, బాగుకానట్టో ఎవరిని అడగాలో తెలియక, స్టూలును మళ్లీ దాని జాగాలోకి జరిపి కూర్చున్నాను.